తాత ఆస్తిలో మనవళ్లకు, మనవరాళ్లకు వాటా ఉందా? మీరే తేల్చుకోండి ఇలా

"తాతల ఆస్తి మనవళ్లదే" అనే మాట మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి పంపకాల గొడవలోనూ వినపడుతుంది. అది నమ్మి, తండ్రి బతికి ఉండగానే తాత మీదో తండ్రి మీదో కేసు వేసి డబ్బూ ఏళ్లూ పోగొట్టుకునేవాళ్లు ఒకవైపు ఉంటారు. ఇంకోవైపు, "మీ నాన్నే పోయాడు, ఇంక మీకు వాటా ఎక్కడిది" అని బాబాయో పెదనాన్నో అంటే నిజమే కాబోలు అనుకుని, న్యాయంగా రావలసింది వదిలేసుకునే పిల్లలు, వాళ్ల తల్లులు ఉంటారు. నేను ముఖ్యంగా ఈ రెండో రకం వాళ్ల కోసమే రాస్తున్నాను. చట్టం వాళ్ల పక్కన చాలా స్పష్టంగా నిలబడి ఉంది, కానీ ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

ముందు పొట్టి జవాబు. తాత సొంతంగా సంపాదించిన ఆస్తి అయి, మీ నాన్న (లేదా అమ్మ) బతికే ఉంటే, మనవడిగా మీకు నేరుగా ఏ హక్కూ లేదు. మీ నాన్న తాతకంటే ముందే చనిపోయి, తాత వీలునామా రాయకుండా పోతే, మీ నాన్న వాటా మీదీ, మీ అమ్మదీ, మీ తోబుట్టువులదీ. అది నిజంగా పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు, పుట్టుకతోనే హక్కు ఉండొచ్చు. మీరు ఈ మూడింటిలో ఎక్కడ ఉన్నారో తేల్చుకోవడమే అసలు పని. వరసగా చేసుకుంటూ వెళ్లండి.

1. ఒక కాగితం తీసుకుని వంశవృక్షం వేయండి, ప్రతి పేరు పక్కన తేదీ రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది ఇదే. ముత్తాత దగ్గర మొదలుపెట్టండి. ముత్తాత, తాత, నానమ్మ, వాళ్ల పిల్లలందరూ (ఆడపిల్లల్ని వదిలేయకండి, పెళ్లయి వెళ్లిపోయినా సరే), ఆ పిల్లల పిల్లలు. ఎవరు ఎప్పుడు పుట్టారు అన్నదానికంటే ఎవరు ఎప్పుడు చనిపోయారు అన్నది ముఖ్యం. ఎవరు ముందు పోయారు, ఎవరు తర్వాత పోయారు అన్నదాన్ని బట్టే వాటాలు మారిపోతాయి. నోటి లెక్కలు నమ్మకుండా డెత్ సర్టిఫికెట్లు చూసి రాయండి. పాత మరణాలకు సర్టిఫికెట్ లేకపోతే ఆలస్యంగా నమోదు చేయించుకునే వీలు 1969 నాటి జనన మరణాల చట్టంలో ఉంది, తీరిగ్గా కాకుండా ఇప్పుడే మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి సమయం పడుతుంది.

మూడు తేదీల్ని ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోండి. 1956 జూన్ 17, హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చిన రోజు. 1985 సెప్టెంబర్ 5, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ వర్తించడం మొదలైన రోజు. 2005 సెప్టెంబర్ 9, దేశమంతా కూతుళ్లకు పెళ్లితో సంబంధం లేకుండా అదే హక్కు వచ్చిన రోజు. మీ వంశవృక్షంలో మరణాలూ పంపకాలూ ఈ తేదీలకు ఇటు ఉన్నాయా అటు ఉన్నాయా అని చూసుకోవాలి.

2. ఆస్తి తాత చేతికి ఎలా వచ్చిందో తవ్వి తీయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "తాత పేరు మీద ఉంది కాబట్టి పిత్రార్జితం" అనుకుంటారు. కాదు. తాత జీతంతోనో వ్యాపారంతోనో కొన్నది, ఆయనకు ఎవరైనా గిఫ్టుగా ఇచ్చింది, వీలునామాలో రాసి ఇచ్చింది, ఇవన్నీ మామూలుగా ఆయన స్వార్జితం కిందకే వస్తాయి. స్వార్జితాన్ని ఆయన బతికుండగా అమ్ముకోవచ్చు, దానం చేయొచ్చు, గుడికి రాసేయొచ్చు, ఒక్క మనవడికే ఇచ్చి మిగతా వాళ్లకు ఇవ్వకపోవచ్చు. ఆపే హక్కు కొడుకులకే లేదు, మనవళ్లకు ఎక్కడిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. తాత 1956 తర్వాత చనిపోయి, ఆయన స్వార్జితం వారసత్వంగా మీ నాన్నకు వచ్చిందనుకోండి. అది నాన్న చేతిలో మళ్లీ నాన్న సొంత ఆస్తే అవుతుంది, "తాతది కాబట్టి నాకూ పుట్టుకతో వాటా ఉంది" అనే వాదన నిలవదు. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో, మళ్లీ 2016లో ఉత్తమ్ కేసులో ఈ మాటే చెప్పింది. నాన్న ఆ పొలం అమ్మేస్తుంటే కడుపు మండుతుంది, నిజమే. కానీ కోర్టుకు వెళ్లే ముందు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

మరి పుట్టుకతో హక్కు వచ్చే పిత్రార్జితం ఏది? మీ ముత్తాత 1956 జూన్ 17కు ముందే చనిపోయి ఆ భూమి వారసత్వంగా తాతకు వచ్చి ఉంటే, అది తాత చేతిలో ఉమ్మడి కుటుంబ ఆస్తి. అందులో ఆయన కొడుకులకు, కొడుకుల పిల్లలకు పుట్టగానే హక్కు వస్తుంది. అలాంటి ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు తాతకు వచ్చిన వాటాకు కూడా ఆయన సంతానం విషయంలో అదే స్వభావం ఉంటుందని 2019లో అర్ష్‌నూర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ మాత్రం నాన్న బతికి ఉన్నా మీరు వాటా అడగొచ్చు. కొడుకు కూతురు, అంటే నాన్న వైపు మనవరాలు కూడా అడగొచ్చు. అమ్మ వైపు తాత ఉమ్మడి ఆస్తిలో అయితే హక్కుదారు మీ అమ్మ. మీకు వచ్చేది ఆమె ద్వారానే.

రుజువు చేసే బరువు పిత్రార్జితం అని అనేవాళ్ల మీదే ఉంటుంది. ఉమ్మడి కుటుంబం అని చూపించినంత మాత్రాన ప్రతి ఆస్తీ ఉమ్మడిదే అని కోర్టు అనుకోదు. అందుకే పాత రికార్డులు కావాలి. తెలంగాణలో అయితే 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, బంగారం లాంటిది, అందులో సర్వే నంబర్ ఎదురుగా ముత్తాత పేరు ఉంటే మీ వాదనకు పునాది దొరికినట్టే. ఆంధ్రలో పాత సెటిల్మెంట్ రికార్డులు, ఆర్ఎస్ఆర్ అనే పాత భూమి రిజిస్టర్, పాత అడంగల్‌లు చూడండి. తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి, ఊరికే చూసి రావద్దు, ముద్ర వేసిన కాపీ చేతికి తీసుకోండి. ఇవ్వకుండా తిప్పిస్తుంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

3. మీ కుటుంబానికి ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి

పైన చెప్పిందంతా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు. షెడ్యూల్డ్ తెగల వాళ్లకు 1956 చట్టం మామూలుగా వర్తించదు, వాళ్ల ఆచారం చూస్తారు. ఏజెన్సీ ప్రాంతం వాళ్లు ఆ విషయం తెలిసిన లాయర్‌నే వెతుక్కోండి.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. తాత వీలునామా లేకుండా పోతే నానమ్మకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురి వాటా వాళ్ల పిల్లలకు వెళ్తుంది. కానీ ఆ చనిపోయిన కొడుకు భార్యకు మామగారి ఆస్తిలో నేరుగా వాటా రాదు.

ముస్లిం కుటుంబాల్లో లెక్క పూర్తిగా వేరు, మనవళ్లకు కఠినంగా కూడా ఉంటుంది. దగ్గరి వారసుడు ఉంటే దూరపు వారసుడికి రాదు. తండ్రి తాతకంటే ముందే చనిపోయి, బాబాయి బతికి ఉంటే, ఆ పిల్లలకు వారసత్వంగా వాటా ఉండదు. అలాంటి పిల్లలు ఉన్న తాత తను బతికి ఉండగానే ఏర్పాటు చేయాలి. వారసులు కాని వాళ్లకు మూడో వంతు వరకు వసీయత్ (వీలునామా) రాయొచ్చు, లేదా హిబా (దానం) చేసి స్వాధీనం ఇచ్చేయొచ్చు. ఆయన ఏమీ చేయకుండా పోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి వస్తుంది కాబట్టి, ఆ ఇంటి పెద్దలతో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడకండి.

మతం మారిన కుటుంబాల్లో ఒక మెలిక ఉంది. మీ నాన్న హిందూ మతం వదిలాక మీరు పుట్టి, తాత చనిపోయే నాటికి మీరు హిందువుగా లేకపోతే, హిందూ తాత ఆస్తి మీకు రాదు. మారిన నాన్నకు మాత్రం హక్కు పోదు.

4. ఇప్పుడు వాటా లెక్క వేయండి

హిందూ తాత, స్వార్జితం, వీలునామా లేదు. ఈ పరిస్థితిలో మొదటి వరస వారసులు ఎవరంటే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు, ఇంకా ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురి పిల్లలు, ముందే చనిపోయిన కొడుకు భార్య. ఇందులో ఒక్కరు ఉన్నా తాత అన్నదమ్ములకు ఏమీ రాదు.

లెక్క చూడండి. తాతకు 12 ఎకరాలు. నానమ్మ ఉంది. ముగ్గురు పిల్లలు, పెద్ద కొడుకు, చిన్న కొడుకు, కూతురు. పెద్ద కొడుకు తాతకంటే ముందే చనిపోయాడు, అతనికి భార్య, ఒక బాబు, ఒక పాప. మొత్తం నాలుగు వాటాలు: నానమ్మకు 3 ఎకరాలు, చిన్న కొడుకుకు 3, కూతురికి 3, పెద్ద కొడుకు శాఖకు 3. ఆ శాఖలో భార్య, బాబు, పాప ముగ్గురికీ తలా ఒక ఎకరం. బాబుకు ఎక్కువ, పాపకు తక్కువ అనేది లేదు. కోడలికి కూడా పిల్లలతో సమానంగా సొంత వాటా ఉంది, ఆ తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే వచ్చిన వాటా తిరిగి తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఈ చివరి మాటను రెండుసార్లు చదవండి, ఎందుకంటే "వేరే పెళ్లి చేసుకుంటే భూమి వదిలేయాలి" అని బెదిరించి కాగితాల మీద సంతకాలు తీసుకోవడం ఇప్పటికీ జరుగుతోంది.

అదే కుటుంబంలో క్రమం మార్చండి. తాత ముందు పోయాడు, తర్వాత పెద్ద కొడుకు పోయాడు. అప్పుడు తాత పోయిన క్షణంలోనే 3 ఎకరాలు పెద్ద కొడుకుకు దక్కాయి. అతను పోయాక ఆ 3 ఎకరాలకు వారసులు అతని భార్య, బాబు, పాప, ఇంకా అతని తల్లి, అంటే నానమ్మ. నలుగురు. తలా 30 గుంటలు, ఆంధ్ర లెక్కలో 75 సెంట్లు. ఒక్క తేదీ మారినందుకు బాబుకు వచ్చేది ఎకరం నుంచి ముప్పావు ఎకరానికి తగ్గింది. మొదటి మెట్టులో తేదీల గురించి అంత పట్టుబట్టింది ఇందుకే.

ముందే చనిపోయింది కూతురైతే ఆమె 3 ఎకరాలు ఆమె పిల్లలు సమానంగా పంచుకుంటారు. అల్లుడికి మామ ఆస్తిలో నేరుగా వాటా లేదు. అంటే అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మేనమామలు "మీ అమ్మకు పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం" అన్నా, కట్నం ఇవ్వడం వల్ల వారసత్వ హక్కు పోదు, అమ్మ లేకపోతే ఆ హక్కు పిల్లలది.

నానమ్మ లేదా అమ్మమ్మ పేరు మీద ఉన్న ఆస్తికి వేరే సెక్షన్. ఆమె వీలునామా లేకుండా పోతే ముందు వరసలో ఆమె పిల్లలు, ముందే చనిపోయిన పిల్లల పిల్లలు, భర్త. ఇక్కడ కూడా మనవళ్లు, మనవరాళ్లు తమ తండ్రి లేదా తల్లి వాటాను తీసుకుంటారు. కానీ భర్త చనిపోయిన కోడలికి అత్త ఆస్తిలో నేరుగా రాదు. తాత ఆస్తికీ నానమ్మ ఆస్తికీ ఉన్న ఈ తేడా చాలామంది పట్టించుకోరు, అందుకే ఏ సర్వే నంబర్ ఎవరి పేరు మీద ఉందో విడివిడిగా రాసుకోవాలి.

ఉమ్మడి ఆస్తి అయితే తాత చనిపోయిన రోజున పంపకం జరిగినట్టు ఊహించి, అందులో తాతకు వచ్చే వాటాను మాత్రమే పై పద్ధతిలో వారసులకు పంచుతారు. మిగతాది పుట్టుకతో హక్కున్న వాళ్లది. కూతుళ్ల విషయంలో తండ్రి 2005 సెప్టెంబర్ 9 నాటికి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి మేనత్తలను లెక్కలోంచి తీసేసి మీ వాటా పెంచుకుని చూసుకోవద్దు, కోర్టులో అది నిలవదు. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకం పూర్తయి ఉంటే మాత్రం దాన్ని 2005 సవరణ కదిలించదు.

దత్తత వెళ్లిన పిల్లలకు దత్తత తీసుకున్న ఇంటి తాత ఆస్తిలో సొంత మనవళ్లలాగే హక్కు. పుట్టింటి తాత ఆస్తిలో ఇక ఉండదు. తాత చనిపోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ తర్వాత సజీవంగా పుడితే ఆ బిడ్డకూ వాటా ఉంటుంది. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో హక్కు ఉందని 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది. నేరుగా తాత ఆస్తికి మాత్రం వాళ్లు వారసులు కారు.

5. వీలునామా, గిఫ్ట్ డీడ్ ఉన్నాయేమో చూడండి

పై లెక్క అంతా వీలునామా లేకపోతేనే. ఎవరైనా "తాత నాకే రాశాడు" అంటే కంగారు పడకండి, కాపీ అడగండి. వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, కానీ ఇద్దరు సాక్షులు ఉండాలి, కోర్టులో కనీసం ఒక సాక్షి చేత రుజువు చేయించాలి. చివరగా రాసినదే చెల్లుతుంది, ముందుది రిజిస్టర్ అయినా సరే. ఆస్పత్రి మంచం మీద వేలిముద్ర, ఆస్తి దక్కేవాడే దగ్గరుండి రాయించడం, ఏ కారణమూ చెప్పకుండా పిల్లల్ని పూర్తిగా తప్పించడం, ఇలాంటివి ఉంటే అనుమానాలు తీర్చాల్సిన బాధ్యత వీలునామా చూపించే వాళ్లదే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని తాత వీలునామాలో రాయలేడు, తన వాటా వరకే రాయగలడు.

వీలునామా నిజమైనదే, అందులో చనిపోయిన కొడుకు పిల్లలకు ఏమీ రాయలేదు. అప్పుడు కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ప్రకారం ముందే చనిపోయిన కొడుకు మైనర్ కొడుకు, పెళ్లి కాని కూతురు తాత మీద ఆధారపడిన వాళ్ల కింద లెక్క. తల్లిదండ్రుల ఆస్తి నుంచి వాళ్లకు పోషణ దొరకకపోతే, తాత ఆస్తి ఎవరికి దక్కిందో వాళ్ల నుంచి భరణం అడగొచ్చు. వాటా రాకపోయినా చదువుకు, తిండికి ఆధారం దొరుకుతుంది. ఈ సెక్షన్‌ను వాడుకునేవాళ్లు తక్కువ, మీ లాయర్ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

6. కాగితాలు పోగేసే పని

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, వీలైనంత వెనక్కి. ఏ అమ్మకం, ఏ గిఫ్టు, ఏ తాకట్టు రిజిస్టర్ అయిందో అందులో తెలుస్తుంది. ఈసీలో కనిపించిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి పోర్టల్‌లో ప్రస్తుతం పేరు ఎవరిదో చూసి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్‌లు, అన్నీ ఒక ఫైల్‌లో.

తర్వాత మీసేవ ద్వారా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఇక్కడ జాగ్రత్త. చనిపోయిన కొడుకు భార్యాపిల్లల పేర్లు రాయకుండా బతికి ఉన్నవాళ్ల పేర్లతోనే తెచ్చుకుంటారు కొందరు. మీ పేరు వదిలేసి తీసుకున్నారని తెలిస్తే వెంటనే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి. విరాసత్ మ్యుటేషన్‌కు, అంటే వారసుల పేరుకు భూమి రికార్డు మార్చమని, దరఖాస్తు పడిందని తెలిసినా ఇదే పని. తెలంగాణలో 2025 భూభారతి చట్టం ప్రకారం వారసులకు నోటీసు ఇచ్చి విచారించాకే పేరు మార్చాలి.

ఒకవేళ పేరు మారిపోయిందా? గుండె జారిపోనక్కర్లేదు. మ్యుటేషన్ శిస్తు లెక్క కోసం ఉండేది, దానివల్ల యాజమాన్యం రాదు, పోదు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల విషయంలో నామినీ కూడా అంతే, డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, వారసులకు వాటాలు ఇవ్వాల్సిందే. ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే వాళ్లకే దక్కుతుంది.

7. మాట్లాడండి, కానీ సంతకం పెట్టకండి

మొదట కూర్చుని మాట్లాడుకోవడమే మంచిది. బాబాయి ఇంటికి వెళ్లి కోర్టు మాట ఎత్తకుండా మీ లెక్క కాగితం ముందు పెట్టి అడగండి. పెద్దమనుషుల్లో తేలితే దాన్ని భాగపరిష్కార దస్తావేజుగా రిజిస్టర్ చేయించుకోండి, తెల్ల కాగితం ఒప్పందంతో ఆగిపోవద్దు.

దశదిన కర్మ పూర్తికాకముందే "బ్యాంకు పని ఉంది, ఇక్కడ సంతకం పెట్టు" అని వస్తారు. ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకున్నట్టు రాసిచ్చేది, కావొచ్చు. ఏ కాగితమైనా ఇంటికి తెచ్చుకుని, చదివి, చదివించుకుని, ఒక రోజు ఆగి పెట్టండి. అలా అడిగితే ఎవరైనా కోపగించుకుంటే ఆ కాగితంలో ఏదో ఉందనే అర్థం.

మాటలతో తేలకపోతే లాయర్ ద్వారా నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో పార్టిషన్ సూట్ (పంపకాల దావా). భూమి అమ్మేస్తారన్న భయం ఉంటే సూట్‌తో పాటే ఇంజంక్షన్ పిటిషన్ వేయమనండి. సబ్ రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగుతుందని అనుకోవద్దు, కోర్టు ఆర్డర్ ఉంటేనే ఆగుతుంది. కేసు నడుస్తుండగా ఎవరైనా కొంటే, ఆ కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే. సూట్‌లో వారసులందరినీ పార్టీలుగా చేర్చాలి, ఆస్తులన్నీ చూపించాలి, ఒక్క మేనత్తను వదిలేసినా కేసు అక్కడే చిక్కుకుంటుంది. ముందు ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ వస్తుంది, తర్వాత కమిషనర్ వచ్చి కొలిచి హద్దులు చూపించాక ఫైనల్ డిక్రీ. మొదటి డిక్రీ రాగానే గెలిచేశాం అనుకుని ఫైల్ అటకెక్కించేవాళ్లను చాలామందిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, ఫైనల్ డిక్రీ పిటిషన్ వెంటనే వేయించండి.

మధ్యలో ఎప్పుడైనా రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో పెట్టించుకోండి. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. లాయర్ ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.

8. గడువులు, మైనర్ల సంగతి

ఉమ్మడి ఆస్తిలోంచి మిమ్మల్ని తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లలోపు సూట్ వేయాలి. "నీకు వాటా లేదు పో" అని నోటీసుకు జవాబు వచ్చినా, పొలంలోకి రానివ్వకపోయినా ఆ తేదీ రాసిపెట్టుకోండి. ఏదైనా దస్తావేజును రద్దు చేయించాలంటే మామూలుగా మూడేళ్లే గడువు, అందుకే ఈసీ చూడటం వాయిదా వేయకండి.

తాత నుంచి మైనర్ పిల్లలకు వచ్చిన స్థిరాస్తిని తల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అలా అమ్మితే ఆ పిల్లలు 18 నిండాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లొచ్చు. మీకు ఇప్పుడు 18 దాటి ఇంకా 21 నిండకపోతే, చిన్నప్పుడు మీ వాటా ఎవరైనా అమ్మేశారేమో ఈ వారంలోనే ఈసీ తీసి చూడండి.

మీరే తాతో నానమ్మో అయితే

కొడుకో కూతురో ముందే పోయి వాళ్ల పిల్లలు మీ కళ్ల ముందు పెరుగుతుంటే, ఆ పిల్లలకు ఇవ్వాలనుకున్నది స్పష్టంగా సర్వే నంబర్, హద్దులతో సహా రాయండి. వీలునామా అయితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, స్టాంపు ఖర్చు లేదు. గిఫ్ట్ సెటిల్మెంట్ అయితే ఇప్పుడే వాళ్లది అవుతుంది, మామూలుగా వెనక్కి తీసుకోలేరు. కాబట్టి మీరు ఉంటున్న ఇంటిని గిఫ్ట్ చేయాలనుకుంటే బతికున్నంతకాలం అందులో ఉండే హక్కు, మీ పోషణ చూసే షరతు దస్తావేజులోనే రాయించండి. ఆస్తి దక్కేవాళ్లను గానీ వాళ్ల భర్తను, భార్యను గానీ సాక్షిగా పెట్టకండి. మీకంటే వయసులో చిన్నవాళ్లయిన ఇద్దరు సాక్షుల్ని ఎంచుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి, కాగితం ఎక్కడ పెట్టారో ఆ పిల్లల తల్లికి కూడా చెప్పండి.